రెండున్నర భోజనం

మా ఇంట్లో మధ్యాహ్న భోజనం రెండున్నరకి. కొత్తవాళ్ళకి ఈ మాట నేను కాస్త గొంతు పెంచి మరీ చెప్పేదాన్ని. చెప్పుకోవడానికి మాకు పెద్ద గొప్పలేం లేవు, ఉన్న ఒక్కటీ దాచుకోవడం ఎందుకని. ఇప్పుడు అదే మాట చెప్పాలంటే నోరు రావడం లేదు. అయినా చెబుతాను. మా వియ్యపురాలికి జరిగినదాంట్లో నా తప్పెంతో ఇంకొకళ్ళు తేల్చకముందే నేనే ఒప్పుకోవడం మంచిది.

మాది ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపు. ముందు గది షాపు, వెనక మూడు గదులు ఇల్లు, మధ్యలో అద్దాలు నిలబెట్టుకునే ఇరుకు కొట్టు. షాపు మా మామగారు పెట్టారు. రెండున్నర నియమం కూడా ఆయనదే. కడుపు నిండితే చెయ్యి బరువెక్కుతుందని, బరువెక్కిన చేత్తో అద్దం కోస్తే గీత పక్కకి పోతుందని ఆయన నమ్మకం. అందుకని ఆ రోజుకి కోయాల్సిన అద్దమంతా కోసేసి, పెంకులు ఊడ్చేసి, షట్టరు సగం దించి అప్పుడు భోజనానికి వచ్చేవారు. రెండో నియమం మా అత్తగారిది. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ వచ్చి కూర్చునేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. వాళ్ళిద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. నియమాలు మాత్రం నా చేతికొచ్చాయి, నేను వాటిని ఇంకాస్త బిగించాను.

కోడలు పార్సిల్ ఆఫీసులో పని చేస్తుంది. పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళిపోతుంది, భోజనం అక్కడే. సెలవు రోజున మాత్రం మాతో పాటు రెండున్నరదాకా ఆగేది. ఆకలేస్తే ఆ పిల్ల ముఖం చిన్నబోతుంది గానీ నోరు తెరిచి ఏమీ అనదు. ఒకసారి నవ్వుతూ అంది, "మా ఇంట్లో వంట దిగిందంటే తినడమే అత్తయ్యా. స్నానానికి ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగుతారా? తిండీ అంతే." నేను నవ్వలేదు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూడకుండా తినే ఇల్లు కూడా ఒక ఇల్లేనా అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, అన్నాను కూడా.

వాళ్ళమ్మ దారం మిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. అక్కడ పదకొండున్నరకి బెల్లు కొడతారట. మిషన్లు ఆగవు కాబట్టి సగం మంది తింటుంటే సగం మంది వాటి దగ్గర నిలబడాలి, ఇరవై నిమిషాల్లో తిని లేచి అవతలివాళ్ళని పంపాలి. ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగితే ఇద్దరూ పస్తే. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చిందన్నమాట. అయితే పరాయి ఇంట్లో మాత్రం వాళ్ళ పద్ధతి వేరు. పెడితే తినాలి, పెట్టకపోతే అడగకూడదు. ఆకలని ఇంకొకళ్ళ ఇంట్లో నోరు విడిచి చెప్పడమంత తలవంపు వాళ్ళకి ఇంకోటి లేదు. ఇది నాకు తర్వాత తెలిసింది.

ఆవిడకి కంటి ఆపరేషన్ చేయించాలని కోడలు మా ఇంటికి తీసుకొచ్చింది. కంటి ఆస్పత్రి మాకు రెండు వీధుల అవతలే. పరీక్షలకీ ఆపరేషన్‌కీ కలిపి పది రోజులుంటే చాలన్నారు. ఆవిడకి షుగరు కూడా ఉంది. రోజూ భోజనానికి ముందు పొట్ట మీద తనే ఇంజక్షన్ చేసుకుంటుంది.

వచ్చిన రోజే నాకు ఒళ్ళు మండింది. పదకొండున్నరకి నేను కొట్టులోంచి అట్టలు తీసుకుని వస్తుంటే, ఆవిడ గదిలో మంచం అంచున కూర్చుని, ఒళ్ళో చిన్న స్టీలు డబ్బా పెట్టుకుని తింటోంది. నన్ను చూసి తడబడలేదు. "రండి వదినగారూ, మీరూ కాస్త తింటారా?" అని అడిగింది. మా ఇంటికొచ్చి, మా పొయ్యి మీద వంట ఉడుకుతుండగా, తన ఊరి నుంచి మోసుకొచ్చిన డబ్బాలోది తింటూ నన్ను పిలవడమా? నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం మా అబ్బాయి రాగానే, "మీ అత్తగారికి మన చేతి వంట ఎక్కదు కాబోలు, డబ్బా తెచ్చుకున్నారు" అన్నాను. మా ఇంట్లో గదికీ గదికీ మధ్య ఉన్నది చెక్క గోడ. అది నాకు తెలియక కాదు.

మర్నాడు ఆ డబ్బా శుభ్రంగా కడిగి కిటికీలో బోర్లించి ఉంది. దాన్ని చూసి నేను గెలిచాననుకున్నాను.

ఆ పొద్దునే కోడలు ఆఫీసుకి వెళ్ళబోతూ నా దగ్గర ఆగింది. నేను స్కేలు పెట్టి అట్ట కోస్తున్నాను.

"అత్తయ్యా, అమ్మ ఇంజక్షన్ చేసుకున్నాక అరగంటలో తినేయాలి. ఆలస్యమైతే ప్రమాదం. రెండు దాటాక చేసుకోమని చెప్పాను. మీరూ కాస్త చూస్తుండండి."

"సరేలే, ఆ మాత్రం నాకు తెలీదా" అన్నాను, తలెత్తకుండా.

వినలేదని చెబితే నాకు సుఖంగా ఉంటుంది. కానీ విన్నాను. ప్రతి మాటా విన్నాను.

మూడు రోజులు బాగానే గడిచాయి. ఆవిడ రెండింటికి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని, కాసేపటికి వచ్చి బల్ల దగ్గర కూర్చునేది. కానీ పదకొండున్నర అయ్యేసరికి ఆ మనిషి నిలవలేకపోవడం నేను చూశాను. లేచి నీళ్ళు తాగేది, కూర్చునేది, మళ్ళీ లేచి నీళ్ళు తాగేది. ముప్ఫై ఏళ్ళు అదే వేళకి తిన్న కడుపు ఒక్కసారిగా మాట వింటుందా? ఏమైనా పెట్టమంటారా అని నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ నాలుగు మాటలతో అంతా వేరేగా ఉండేది. దానికి బదులు నాకు పెద్ద మనసు పుట్టింది. నాలుగో రోజు భోజనాల దగ్గర అందరూ వినేలా ప్రకటించాను.

"రేపు వదినగారి కోసం పన్నెండున్నరకే భోజనం."

మా ఆయన, గోడ జరపమని నేనేదో అన్నట్టు నా వైపు చూశాడు. "మరి అద్దం కోతో?"

"ఒక్క రోజుకి మీ అద్దం ఏమీ అనుకోదులెండి."

మా అబ్బాయి నవ్వాడు. ఆవిడ "నా కోసం ఎందుకు వదినగారూ" అంటూనే ఉంది గానీ, ఆ ముఖంలో చిన్నపిల్లకున్నంత సంతోషం కనిపించింది. నాకు నా మీద నాకే ముద్దొచ్చింది.

మర్నాడు పన్నెండుంపావుకి వంట దించేశాను. బల్ల తుడిచి నాలుగు కంచాలు పెట్టాను, మంచినీళ్ళు పెట్టాను. ఆ చప్పుళ్ళు విని ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. రెండు నిమిషాలకి వచ్చి తన కంచం ముందు కూర్చుంది. ఆవిడ లోపల ఏం చేసి వచ్చిందో ఆ క్షణాన ఆలోచించి ఉంటే నాకు తెలిసేదే. వాళ్ళింట్లో కంచం పెట్టారంటే తినడమే. మా ఇంట్లో కంచం పెట్టడానికేం, పొద్దున్నే పెట్టినా పెడతాం. మనుషులు రావాలి కదా.

మనుషులు రాలేదు. మా అబ్బాయి ఏదో ఆఫీసులో మెట్ల గోడకి ఫ్రేములు బిగించడానికి వెళ్ళాడు. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చేస్తానన్నాడు. మా ఆయన షట్టరు దించబోతుంటే ఒకావిడ భర్త ఫోటో పట్టుకుని వచ్చింది. సాయంత్రానికల్లా కావాలట, కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. ఆయన కాదనలేక అద్దం పరిచాడు. ఎప్పుడూ లేనిది ఆ రోజు మొదటి గీతకే అద్దం అడ్డంగా పగిలింది. ఇంకో అద్దం తీశాడు.

ఒంటిగంట అయింది. నేను బల్ల దగ్గర వియ్యపురాలికి ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతున్నాను.

"ఆకలేస్తే చెప్పండి వదినగారూ, మొహమాటపడకండి" అన్నాను. మా ఇంట్లో ఈ మాట అందరినీ అడుగుతాం. అందరూ లేదనే అంటారు.

"లేదండీ. అందర్నీ రానివ్వండి."

"మా ఇంట్లో ఇంతే. ఒకళ్ళు రాకుండా ఇంకొకళ్ళు ముట్టరు. మా అత్తగారి కాలం నుంచీ అంతే."

"మంచి అలవాటండీ" అంది ఆవిడ.

నిండు గిన్నెలు మా ఇద్దరి మధ్యే ఉన్నాయి. మూతల కింద నుంచి ఇంకా ఆవిరి వస్తోంది. నేను మా అత్తగారి గురించి, మామగారి గురించి, పెద్ద పెద్ద ఫ్రేముల గురించి చెబుతూనే ఉన్నాను. ఆవిడ జవాబులు తగ్గిపోయాయి. నుదుటి మీద చెమట పట్టింది. రెండు చేతుల్తో ఖాళీ కంచం పట్టుకుని కాస్త ఇటూ కాస్త అటూ తిప్పుతోంది. నాకు చిరాకు మొదలైంది. ఇంత చేసినా, ఒక్క అరగంట ఆగలేక కంచం తిప్పి చూపించాలా? నేనేమడిగినా బెల్లం కొట్టిన రాయిలా పలకదు. ఎంత గర్వం ఈ మనిషికి అనుకున్నాను.

అప్పుడు ఆవిడ నా వైపు చూడకుండా అడిగింది. "బెల్లు కొట్టారా?"

నాకు భగ్గుమంది. మిల్లులో అయితే ఈపాటికి బెల్లు కొట్టి పెట్టేవాళ్ళని నన్ను ఎత్తిపొడుస్తోందనుకున్నాను. "ఇది మిల్లు కాదు వదినగారూ, ఇల్లు. ఇక్కడ బెల్లులుండవు" అని విసురుగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. పది నిమిషాలు కడిగాను.

కంచం కింద పడ్డ చప్పుడుకి బయటికొచ్చాను. ఆవిడ తల బల్ల మీద ఉంది. చెంప చెమటతో బల్లకి అంటుకుపోయింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, నన్ను చూడటం లేదు. ఆయన్ని కేక వేశాను. చేతిలో కొలబద్దతోనే పరిగెత్తుకొచ్చాడు. పక్కనున్న మందుల షాపతన్ని పిలిచాం. అతను రాగానే ఒక్కటే అడిగాడు.

"ఇంజక్షన్ చేసుకున్నారా?"

"ఏమో" అన్నాను.

గదిలోకి వెళ్ళి చూస్తే కిటికీలో, బోర్లించిన ఆ స్టీలు డబ్బా పక్కనే, వాడేసిన సూది ఉంది.

ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. చక్కెర బాగా పడిపోయిందన్నారు. ఎంతసేపు అలా ఉన్నారని డాక్టరమ్మ అడిగితే మా ఆయన నా వైపు చూశాడు, నేను నేల చూశాను. స్పృహ వస్తే గానీ ఏమీ చెప్పలేమంది. కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి మూడు దాటింది. లోపలికి వెళ్ళి తల్లిని చూసి వచ్చి, వరండాలో నా ముందు నిలబడింది. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"వంట ఎప్పుడయింది అత్తయ్యా?"

"పన్నెండుంపావుకి."

"అమ్మ ఎక్కడుంది అప్పుడు?"

"బల్ల దగ్గర. కంచం ముందు."

"కంచంలో ఏముంది?"

"ఏమీ లేదు" అన్నాను. "మీ మామయ్య వస్తారని... నువ్వు చెప్పింది నాకు గుర్తులేక కాదమ్మా..."

ఆ పిల్ల వెళ్ళి బెంచీకి అవతలి చివర కూర్చుంది. మా అబ్బాయి వచ్చి ఇద్దరికీ మధ్యలో నిలబడి, ఎటు కూర్చోవాలో తెలియక కాసేపు అలాగే ఉండి, చివరికి భార్య పక్కన కూర్చున్నాడు. వాడు చేసింది సరైన పనే.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ బట్టల కోసం నేను ఇంటికొచ్చాను. షాపులోంచి ఇంట్లోకి వెళ్ళాలంటే అద్దాల కొట్టు దాటాలి. అక్కడ చీలమేకుల డబ్బాలుండే అర ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, పదకొండింటికే తినే ఇంటి నుంచి వచ్చాను. మొదటి నెలంతా ఒంటిగంటకల్లా కళ్ళు తిరిగేవి, కడుపులో ఎలుకలు పరిగెత్తేవి. ఒకరోజు మేకులు తెమ్మంటే కొట్టులోకి వెళ్ళి చూస్తే, చివరి డబ్బాలో మేకులకి బదులు వేయించిన గింజలున్నాయి. గుప్పెడు నోట్లో పోసుకుని, మూతి తుడుచుకుని వచ్చేశాను. మర్నాడు కూడా ఉన్నాయి. ఆ తర్వాతా ఉన్నాయి. రెండేళ్ళు అలా దొంగతనంగా తిన్నాను, అత్తగారి కళ్ళు కప్పుతున్నానని లోలోపల మురిసిపోతూ. ఆ డబ్బా రోజూ ఎలా నిండుతోందని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఫ్రేముల షాపులో, మేకుల అరలో, గింజలు వాటంతటవే మొలుస్తాయా? మా అత్తగారు నియమమూ పెట్టింది, డబ్బా కూడా పెట్టింది. నేను నియమం ఒక్కటే పుచ్చుకున్నాను. అంతటితో ఆగక, ఇంకో మనిషి తెచ్చుకున్న డబ్బాని కూడా బోర్లించేలా చేశాను. ఆ అర ముందు కింద కూర్చుని ఏడ్చాను. మా అత్తగారు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆ సాయంత్రానికి వియ్యపురాలికి స్పృహ వచ్చింది. నాలుగు రోజులకి ఇంటికి పంపారు. మాట తిరిగొచ్చింది గానీ ఒక్కో మాటకి వెతుక్కుంటోంది. కుడి చెయ్యి వణుకుతోంది. అది పోవచ్చు, పోకపోవచ్చు అన్నారు. కంటి ఆపరేషన్ వాయిదా వేశారు. కోడలు తన ఆఫీసు దగ్గర ఒక గది చూసింది. "అమ్మ కోలుకునేదాకా అక్కడుంటాం అత్తయ్యా. తర్వాత సంగతి తర్వాత." మా అబ్బాయి ఆ పక్కనే ఉన్నాడు, నా కళ్ళలోకి చూడలేదు. వెళ్ళే రోజు సాయంత్రం నాలుగింటికి బండి వస్తుందన్నారు.

ఆ రోజు పదకొండింటికే వంట చేశాను. కోడలు తల్లికి ఇంజక్షన్ చేసి, సూది పారేసి, బట్టలు సర్దడానికి లోపలికి వెళ్ళింది. నేను కంచం నిండా వడ్డించి ఆవిడ ముందు పెట్టాను. గోడ గడియారంలో పదకొండున్నర.

"తినండి వదినగారూ."

ఆవిడ కంచాన్ని చూసింది, ఖాళీగా ఉన్న మిగతా మూడు కుర్చీల్ని చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అందర్నీ... రానివ్వండి."

"ఎవరూ రావక్కర్లేదు. మీరు తినండి."

"మీ ఇంటి... పద్ధతి" అని మాట కోసం వెతుక్కుని, "ఇన్నాళ్ళూ ఆగాను కదా. ఇప్పుడు వెళ్ళే రోజున... చెడగొడతానా" అంది. నా మీద కోపంతో అన్న మాట కాదది. నిజంగానే నా పరువు కాపాడుతోంది.

లోపల నుంచి కోడలు వచ్చింది, చేతిలో మడత పెట్టిన చీరతో. "అమ్మా, ఇంజక్షన్ అయింది, తిను." ఆవిడ కూతుర్ని చూసి నవ్వి, తలుపు వైపు చూసింది. షాపులో మా ఆయన అద్దం మీద గీత గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. కోడలు నా వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్ళలో భయం చూశాను. గడియారం పదకొండూ ముప్ఫై అయిదు చూపిస్తోంది.

నేను ఇంకో కంచం తెచ్చుకున్నాను. ఆవిడ ఎదుట కూర్చుని వడ్డించుకున్నాను. చెయ్యి కడుక్కుని ముద్ద కలిపాను. పెళ్ళయ్యాక ఈ బల్ల దగ్గర ఆయన రాకుండా, ఎవరూ రాకుండా, మొదటి ముద్ద నేను నోట్లో పెట్టుకోవడం అదే మొదటిసారి. దాన్ని మంచినీళ్ళతో దింపాను. రెండో ముద్ద కలిపాను.

ఆవిడ నన్నే చూస్తోంది. నేను మింగానో లేదో చూసుకున్నాక, వణికే కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కంచంలోకి తెచ్చింది. సగం మెతుకులు బల్ల మీద పడ్డాయి, మిగతావి నోట్లోకి వెళ్ళాయి. ఇద్దరం తిన్నాం. కోడలు గుమ్మంలోనే నిలబడి, తల్లి కంచం సగం ఖాళీ అయ్యేదాకా చూసింది. నేను మూడో కుర్చీ కాస్త వెనక్కి లాగాను.

"నువ్వూ రా అమ్మా."

"మీరు కానివ్వండి అత్తయ్యా" అని లోపలికి వెళ్ళిపోయింది. లోపల పెట్టె మూత పడ్డ చప్పుడు వినిపించింది.

రెండున్నరకి ఆయన పెంకులు ఊడ్చి, షట్టరు సగం దించి, చేతులు కడుక్కుని వచ్చాడు. బల్ల మీద ఒక్క కంచమే ఉంది.

"మిగతావాళ్ళేరి?"

"తిన్నారు."

"నువ్వు?"

"నేనూ తిన్నాను."

ఆయన కూర్చున్నాడు. నేను వడ్డించాను. ముద్ద కలిపి, అలవాటు చొప్పున చెయ్యి ఆపి, ఖాళీ కుర్చీల వైపు ఒకసారి చూసి, తినడం మొదలుపెట్టాడు.